చప్పుడు చేయని కంప్యూటరు

పిల్లలూ! రాత్రి పది గంటలు దాటి ఇల్లంతా సద్దుమణిగిన తరువాత మీ ఇంట్లో ఏయే చప్పుళ్ళు వినిపిస్తాయో ఎప్పుడైనా గమనించారా? గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది. ఫ్రిజ్ గుర్రుమంటుంది. పైన ఫ్యాను గిరగిర తిరుగుతుంది. వాన కురిస్తే బయట కప్పలు బెకబెకమంటాయి. ఈ చప్పుళ్ళతో పాటు ఈనాడు చాలా ఇళ్ళలో మరొక చప్పుడు కూడా వినిపిస్తున్నది. అది బల్ల కింద ఉన్న కంప్యూటరు చేసే మోత.

మన మలేషియాలో ఎన్నో కుటుంబాలు అపార్టుమెంటులలోను, వరుస ఇళ్ళలోను నివసిస్తున్నాయి. చదువుకొనే బల్ల, నాన్నమ్మ పడుకొనే మంచం ఒకే గదిలో ఉండడం వింతేమీ కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగటిపూట నిద్రపోవాలి. పరీక్షకు చదివే అక్క ఆ పక్కనే కంప్యూటరు వాడుకోవాలి. ఒకరి చదువు మరొకరి నిద్రను చెడగొట్టకూడదు. అందుచేత చప్పుడు లేని కంప్యూటరు కావాలనుకోవడం విలాసం కాదు, ఇంటిల్లిపాదికీ అవసరం.

అసలు కంప్యూటరు ఎందుకు మోత పెడుతుంది? ఆ మోతను తగ్గించే ఉపాయాలు ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకొందాం.

1. వేడి ఎక్కడ పుడుతుంది?

కంప్యూటరులో చప్పుడు చేసేవి ముఖ్యంగా ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లు ఉన్నది వేడిని బయటకు పంపడానికి. కనుక చప్పుడు సంగతి తెలియాలంటే ముందు వేడి సంగతి తెలియాలి.

కంప్యూటరు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. లెక్కలు చేసే ముఖ్య భాగాన్ని ప్రాసెసరు అంటారు. ఇళ్ళలో వాడే ప్రాసెసర్లు చాలావాటిని 65 వాట్లవి అని చెబుతారు. పాతకాలపు 60 వాట్ల బల్బును మీ పెద్దలు ఎరుగుదురు. వెలుగుతున్న ఆ బల్బును చేతితో ముట్టుకొంటే చురుక్కుమనేది. దాదాపు అంత వేడి, తపాలా బిళ్ళంత జాగాలో పుడుతున్నదని ఊహించండి! ఆటలకోసం వాడే పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కొన్ని 300 వాట్లకు మించి కూడా వాడుకొంటాయి.

ఈ బాధ కొత్తది కాదు. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. అందులో సుమారు 18 వేల వాక్యూం ట్యూబులు ఉండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తు వాడుకొనేది. అంటే 60 వాట్ల బల్బులు 2,500 ఒకేసారి వెలిగించినట్లు! దానిని చల్లబరచడానికి పెద్ద పెద్ద గాలి యంత్రాలు పెట్టవలసి వచ్చింది. 1976లో వచ్చిన క్రే-1 అనే మహా కంప్యూటరును ఆనాటి రిఫ్రిజిరేటర్లలో వాడే ఫ్రియాన్‌తో చల్లబరచేవారు. 1981లో ఐబీఎం సంస్థ చిన్న కంప్యూటరును తెచ్చింది. దాని ప్రాసెసరు చాలా నెమ్మది. అందుచేత దానిమీద ఫ్యాను అవసరమే రాలేదు. వేగం పెరిగినకొద్దీ వేడి పెరిగింది. వేడితో పాటు ఫ్యాన్లూ, ఫ్యాన్లతో పాటు మోతా వచ్చాయి.

వేడి మరీ ఎక్కువైతే ఏమవుతుంది? ప్రాసెసరు తనను తాను కాపాడుకొంటుంది. చాలా ప్రాసెసర్లు సుమారు 95 నుండి 100 డిగ్రీల సెల్సియస్ చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. ఎండలో పరుగెత్తేవాడు ఆయాసం రాగానే నడక అందుకొన్నట్లే ఇది. ఇంకా వేడెక్కితే కంప్యూటరు తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి చల్లదనం లేకపోతే డబ్బు పోసి కొన్న వేగం కూడా మనకు దక్కదు.

2. వేడి ఎలా ప్రయాణం చేస్తుంది?

వేడి మూడు విధాలుగా ప్రయాణం చేస్తుందని సైన్సు క్లాసులో చదువుకొన్నారు. అవి వహనం, సంవహనం, వికిరణం. కంప్యూటరును చల్లబరచడంలో మొదటి రెండూ ముఖ్యం.

వేడి పాలగ్లాసులో ఉంచిన స్టీలు చెంచా కాడ కూడా కొంతసేపటికి వేడెక్కుతుంది. ఇది వహనం. అన్ని వస్తువులలోను వేడి ఒకే విధంగా పారదు. రాగిలో బాగా పారుతుంది. అల్యూమినియంలో రాగికంటే కొంత తక్కువగా పారుతుంది. కదలని గాలిలో దాదాపు పారదు. గాలితో పోలిస్తే రాగి సుమారు 15 వేల రెట్లు మంచి ఉష్ణవాహకం.

అందుకే ప్రాసెసరు మీద రాగి, అల్యూమినియంలతో చేసిన హీట్‌సింకును బిగిస్తారు. చూడడానికి రెండూ నున్నగా ఆనినట్లే ఉంటాయి. కాని కంటికి కనబడని గరుకుదనం వల్ల వాటి మధ్య సన్నని సందులు మిగులుతాయి. ఆ సందులలో గాలి చిక్కుకొని వేడికి అడ్డుపడుతుంది. ఆ గాలిని తోసివేసి సందులను నింపడానికే థర్మల్ పేస్టు అనే ముద్దను పూస్తారు.

హీట్‌సింకుకు పలుచని రేకులు ఎన్నో ఉంటాయి. ఎందుకు? వేడి టీని సాసరులో పోస్తే త్వరగా చల్లారుతుంది కదా! గాలికి తగిలే వైశాల్యం పెరగడమే అందుకు కారణం. ఏనుగు తన పెద్ద చెవుల ద్వారా ఒంటి వేడిని గాలికి వదులుతుంది. హీట్‌సింకు రేకులు కూడా ఏనుగు చెవుల వంటివే.

మంచి హీట్‌సింకులలో హీట్ పైపులనే రాగి గొట్టాలు కూడా ఉంటాయి. వీటి పని చాలా చమత్కారంగా ఉంటుంది. గొట్టంలోని గాలిని తీసివేసి, కొద్దిగా నీరు ఉంచి, రెండు కొనలూ మూసివేస్తారు. లోపల ఒత్తిడి చాలా తక్కువ కనుక ఆ నీరు 100 డిగ్రీలకు ఎంతో ముందే మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి చల్లని కొనకు పోయి, అక్కడ వేడిని వదిలి, మళ్ళీ నీరవుతుంది. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్లు, గొట్టం లోపలి గరుకు పొర ఆ నీటిని తిరిగి వేడి కొనకు లాగుకొస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. నీరు మాత్రం రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఇటువంటి గొట్టానికి 1944లో అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ పేటెంటు పొందాడు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ వేరుగా దానిని కనిపెట్టి వాడుకలోకి తెచ్చాడు.

ఇక సంవహనం. మన ఊరి తేతారిక్ అంగట్లో టీ కలిపేవారిని చూడండి. టీని ఒక గ్లాసు నుండి మరొక గ్లాసులోకి ఎత్తునుండి పోస్తారు. టీ ధార చుట్టూ ఎప్పటికప్పుడు కొత్తగాలి తగులుతూ వేడిని తీసుకుపోతుంది. ఫ్యాను చేసే పని కూడా అదే. వేడెక్కిన గాలిని తోసి, చల్లని గాలిని రేకుల మధ్యకు తెస్తుంది.

3. గాలికి దారి

మలేషియా పల్లెలలో కంబాలపై కట్టిన పాత మలాయ్ చెక్క ఇళ్ళను చూశారా? నేల కింద గాలి ఆడుతుంది. గోడల పైభాగంలో, చూరు కింద చెక్కిన రంధ్రాలుంటాయి. కిందనుండి, కిటికీలనుండి చల్లగాలి వస్తుంది. వేడిగాలి తేలిక కనుక పైకి ఎక్కి ఆ రంధ్రాలగుండా పోతుంది. మన పూర్వుల దేశంలో గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు కూడా ఇటువంటివే. ఇంటి నడుమ ఆకాశం కనబడే మండువా ఉంటుంది. చుట్టూ గదులలోని వేడిగాలి ఆ మండువా గుండా పైకి పోతుంది.

కంప్యూటరు పెట్టె కూడా ఒక చిన్న ఇల్లే. దానికి గాలి వచ్చే వాకిలి ఒకటి, పోయే వాకిలి ఒకటి ఉండాలి. సాధారణంగా ముందువైపునుండి, కిందినుండి చల్లగాలి రావాలి. వెనుకనుండి, పైనుండి వేడిగాలి పోవాలి. దారిలో తీగలు గుత్తులుగా వేలాడుతుంటే గాలికి అడ్డు తగులుతాయి. రెండు వాకిళ్ళూ ఒకేచోట ఉంటే, పోయిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తుంది.

ఎంత గాలి కావాలి? లెక్క వేద్దాం. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,200 జౌళ్ళు కావాలి. కంప్యూటరు 300 వాట్లు వాడుకొంటున్నదనుకొందాం. అంటే సెకనుకు 300 జౌళ్ళ వేడి బయటకు పోవాలి. లోపలికి వచ్చిన గాలి బయటకు పోయేసరికి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలని మన కోరిక. 1,200ను 10తో గుణిస్తే 12,000. 300ను 12,000తో భాగిస్తే 0.025 ఘనపు మీటర్లు. అంటే సెకనుకు 25 లీటర్ల గాలి చాలు! దారి సాఫీగా ఉంటే రెండు మూడు పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతూ ఈ పని చేయగలవు. దారి ఇరుకైతే అవే ఫ్యాన్లు రొప్పుతూ తిరగాలి.

4. చప్పుడు లెక్క

చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారు. గుసగుస సుమారు 30 డెసిబెల్లు. మామూలు మాట సుమారు 60. ఈ కొలత మామూలు కూడిక కాదు. 30 డెసిబెల్ల ఫ్యాను పక్కన అటువంటిదే ఇంకొకటి పెడితే మొత్తం 60 కాదు, 33 మాత్రమే. 10 డెసిబెల్లు తగ్గితే మన చెవికి చప్పుడు దాదాపు సగమైనట్లు తోస్తుంది.

ఇప్పుడు అసలు రహస్యం వినండి. ఫ్యాను వేగాన్ని సగం చేస్తే అది తోసే గాలి కూడా సగమవుతుంది. కాని చప్పుడు సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. నిమిషానికి 1,600 చుట్లు తిరిగే ఒక ఫ్యానుకు బదులు, 800 చుట్లు తిరిగే ఫ్యాన్లు రెండు పెట్టామనుకొందాం. ఒక్కొక్కటి సగం గాలి తోస్తుంది కనుక మొత్తం గాలి మారదు. చప్పుడో? 15 తగ్గి, రెండు ఫ్యాన్లు కనుక 3 పెరుగుతుంది. మొత్తం మీద 12 డెసిబెల్లు తగ్గుతుంది!

ఫ్యాను పెద్దదైతే ఇంకా మేలు. ఒకే ఆకారం గల రెక్కలున్నప్పుడు, 80 మి.మీ. ఫ్యాను 2,000 చుట్లు తిరిగి తోసే గాలిని 120 మి.మీ. ఫ్యాను సుమారు 600 చుట్లలోనే తోయగలదు. చిన్న విసనకర్రతో గబగబా విసురుకోవడం కంటే పెద్ద తాటాకు విసనకర్రతో మెల్లగా విసురుకోవడం హాయి కదా!

5. ఏవి కొనాలి?

ఒక ఇంట్లో అక్క, తమ్ముడు కలిసి కంప్యూటరు భాగాలు కొనడానికి పట్టీ రాస్తున్నారు. వారి మాటలు విందాం.

తమ్ముడు : అక్కా! అంగట్లో ఒక పెట్టె చూశాను. ఆరు ఫ్యాన్లు, అన్నిటికీ రంగురంగుల దీపాలు. ముందంతా అద్దమే! అది కొందామా?

అక్క : చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ముందంతా అద్దమైతే గాలి ఎక్కడినుండి వస్తుందిరా?

తమ్ముడు : పక్కన సన్నని సందులున్నాయి.

అక్క : ముక్కు మూసుకొని పరుగెత్తమంటే నువ్వు పరుగెత్తగలవా? పెట్టె పనీ అంతే. ముందువైపు జల్లెడలాగా రంధ్రాలుండి, దుమ్ము పట్టే వల ఉన్నది కొందాం. దీపాలు లేకపోతే ఏం?

తమ్ముడు : సరే. ప్రాసెసరు అన్నిటికంటే వేగమైనది కొందామా?

అక్క : మనకు కావలసింది చదువుకోవడం, రాసుకోవడం, బొమ్మలు దిద్దుకోవడం. 65 వాట్లది, గ్రాఫిక్స్ అందులోనే ఉన్నది చాలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు వద్దు. తరువాత కావలసి వస్తే, పని తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే కార్డు చూద్దాం.

తమ్ముడు : మన పాత హార్డ్ డిస్కు ఉంది కదా! అది వాడుకొందామా?

అక్క : దానిలోని పళ్ళెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. ఆ అదురు పెట్టెకంతా పాకుతుంది. కదిలే భాగాలేమీ లేని ఎస్.ఎస్.డి. కొందాం. పాతదానిలోని ఫోటోలు ముందు కాపీ చేసి, దానిని భద్రంగా దాచుదాం.

తమ్ముడు : పవర్ సప్లై మాత్రం చవకది కొందాం. అది లోపల కనబడనే కనబడదు.

అక్క : అక్కడే లెక్క తప్పుతుంది. కంప్యూటరుకు 300 వాట్లు కావాలనుకో. నూటికి 80 వంతుల సామర్థ్యం గలదైతే గోడనుండి 375 వాట్లు లాగుతుంది. 75 వాట్లు వృథాగా వేడవుతాయి. నూటికి 90 వంతులదైతే సుమారు 333 లాగుతుంది. 33 వాట్లే వృథా. తక్కువ వేడి, తక్కువ చప్పుడు, తక్కువ కరెంటు బిల్లు. 2004లో మొదలైన 80 ప్లస్ అనే గుర్తు ఇందుకే ఉంది. ఆ గుర్తు ఉంటే కనీసం నూటికి 80 వంతుల సామర్థ్యమన్నమాట. గోల్డ్ అని ఉన్నది ఇంకా మంచిది.

తమ్ముడు : నీళ్ళతో చల్లబరచేవి కూడా ఉన్నాయట కదా! వాటికి చప్పుడే ఉండదేమో?

అక్క : నీరు వేడిని ఒకచోటునుండి మరొకచోటికి మోస్తుందంతే. చివరకు ఆ వేడిని గాలికి వదలడానికి రేడియేటరు, దానికి ఫ్యాన్లు ఉండాలి. నీటిని తిప్పే పంపు చప్పుడు అదనం. 65 వాట్లకు అంత హంగామా ఎందుకు? నాలుగు హీట్ పైపులు, ఒక 120 మి.మీ. ఫ్యాను ఉన్న నిలువు హీట్‌సింకు చాలు.

మంచం మీద కూర్చున్న నాన్నమ్మ ఇదంతా వింటున్నది.

నాన్నమ్మ : ఏమర్రా, ఇంత లెక్క దేనికి? పాలు పొంగుతుంటే ముందు మంట తగ్గించాలి. నీళ్ళు చల్లడం, గరిటతో తిప్పడం ఆ తరువాతి మాట.

అక్క : అంతే నాన్నమ్మా! ముందు మంట తగ్గించాలి. అంటే తక్కువ వేడి పుట్టే భాగాలు కొనాలి. నువ్వు ఒక్క మాటలో చెప్పేశావు.

నాన్నమ్మ : సరే, రాత్రిపూట నా చెవి దగ్గర ఆ జుయ్యిమనే మోత లేకపోతే నాకు అదే పదివేలు.

6. కూర్చే పద్ధతి

ఈ పనిని పెద్దల తోడు లేకుండా చేయకూడదు. గోడ ప్లగ్గు పూర్తిగా పీకిన తరువాతనే పెట్టె మూత తీయాలి. పవర్ సప్లైని మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు పీకినా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలువ ఉండవచ్చు. భాగాలను ముట్టుకొనే ముందు పెట్టె లోహపు భాగాన్ని ముట్టుకోవాలి. ఒంటిలోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది.

ముందుగా కొలతలు సరిచూడాలి. 120 మి.మీ. ఫ్యాను గల నిలువు హీట్‌సింకు ఎత్తు సాధారణంగా 155 నుండి 160 మి.మీ. వరకు ఉంటుంది. అంత ఎత్తు పెట్టెలో పట్టకపోతే మూత పడదు.

మదర్‌బోర్డును బల్ల మీద పెట్టి, మూలనున్న గుర్తులు కలిసేటట్లు ప్రాసెసరును అమర్చాలి. బలం ప్రయోగించకూడదు. దాని నడుమ చిన్న బఠాణీ గింజంత థర్మల్ పేస్టు పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. హీట్‌సింకు అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే దానిని తప్పక తీసివేయాలి. స్క్రూలను ఒకదాని తరువాత ఎదురు మూలది, కొంచెం కొంచెంగా బిగించాలి. అప్పుడు ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది.

పెట్టెకు ముందు రెండు, వెనుక ఒకటి చొప్పున 120 మి.మీ. ఫ్యాన్లు పెట్టాలి. ముందువి గాలిని లోపలికి తేవాలి. వెనుకది బయటకు పంపాలి. హీట్‌సింకు ఫ్యాను కూడా వెనుకవైపుకే గాలి తోయాలి. ఫ్యానుకు పుల్లల వంటి ఆధారాలు కనబడే వైపునుండి సాధారణంగా గాలి బయటకు వస్తుంది. అనుమానమైతే, మూత వేసి కంప్యూటరును నడిపేటప్పుడు ముందు రంధ్రాల దగ్గర పలుచని కాగితం ముక్క పట్టి చూడవచ్చు. గాలి లోపలికి పోతుంటే అది పెట్టెకు అంటుకొంటుంది.

బయటకు పోయేదానికంటే లోపలికి వచ్చే గాలి కొంచెం ఎక్కువైతే మంచిది. అప్పుడు సందులనుండి దుమ్ము లోపలికి రాదు. వచ్చే గాలి అంతా వల గుండానే వస్తుంది. 

ఫ్యాన్లను స్క్రూలకు బదులు రబ్బరు బిరడాలతో బిగిస్తే వాటి అదురు పెట్టె రేకుకు అంటదు. పెట్టెను బోలు చెక్కబల్ల మీద పెడితే, ఆ బల్ల మృదంగంలాగా అదురును పెద్దది చేస్తుంది. కింద రబ్బరు పాదాలుండాలి. గోడకు ఆనించకుండా వెనుక ఒక జానెడు జాగా వదలాలి.

7. పరీక్ష, పోషణ

కంప్యూటరు నడవగానే పని అయిపోలేదు. ప్రాసెసరు ఎంత వేడెక్కుతున్నదో కొలిచే సాధనం కంప్యూటరులోనే ఉంటుంది. పని లేనప్పుడు ఒకసారి, అరగంట గట్టిగా పని చేయించిన తరువాత మరొకసారి చూసి, నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ రోజు గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. ఎందుకంటే, హీట్‌సింకు ప్రాసెసరును గదికంటే చల్లగా చేయలేదు. ఒక హీట్‌సింకు గదికంటే 40 డిగ్రీల ఎక్కువ వేడి దగ్గర నిలుపుతుందనుకొందాం. 20 డిగ్రీలున్న లండన్ గదిలో అది 60 చూపుతుంది. 30 డిగ్రీలున్న మన కౌలాలంపూర్ గదిలో 70 చూపుతుంది. యంత్రం ఒకటే, ఊరు వేరు. కనుక చలి దేశపు అంకెలు చూసి మన కంప్యూటరు చెడిపోయిందని కంగారు పడకూడదు. అలాగే, అక్కడ చాలిన ఏర్పాటు ఇక్కడ చాలుతుందని ధీమాగా ఉండకూడదు.

నాలుగు సూదుల ప్లగ్గు ఉన్న ఫ్యాన్ల వేగాన్ని మదర్‌బోర్డు నియమించగలదు. వేడిని బట్టి వేగం మెల్లమెల్లగా పెరిగేటట్లు అమర్చాలి. ఒక్క క్షణం వేడెక్కగానే ఫ్యాను ఎగసిపడి, మరుక్షణం తగ్గిపోతే ఆ హెచ్చుతగ్గులే చెవికి ఎక్కువ విసుగు. ఒకే తీరున సాగే మెల్లని చప్పుడును చెవి త్వరగా మరచిపోతుంది.

రెండు మూడు నెలలకొకసారి వలను తీసి దుమ్ము దులపాలి. రేకుల మధ్య దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి. మునుపటికంటే చప్పుడు పెరిగితే, కొత్త ఫ్యాను కొనడానికి తొందరపడకండి. ముందు నోటుపుస్తకంలోని అంకెలు చూడండి. వేడి పెరిగిందా? అయితే దుమ్ము పట్టి ఉంటుంది. వేడి పెరగలేదా? అయితే ఏదో స్క్రూ వదులై ఉంటుంది, లేదా తీగ రెక్కకు తగులుతూ ఉంటుంది. ఒక ఫ్యాను అరిగిపోయి కూడా ఉండవచ్చు.

పిల్లలూ! చప్పుడును అణచడానికి పెట్టెను దుప్పటితో కప్పినవారు వేడిని పెంచుకొంటారు. వేడి పెరిగితే చప్పుడూ పెరుగుతుంది. తక్కువ వేడి పుట్టించి, దానికి సాఫీ దారి ఇచ్చి, పెద్ద ఫ్యాన్లను మెల్లగా తిప్పినవారికి చల్లదనం, నిశ్శబ్దం రెండూ దక్కుతాయి. నిండుకుండ తొణకదని పెద్దలు అంటారు కదా! బాగా పనిచేసే యంత్రం కూడా అంతే.

పదాలు – అర్థాలు

సద్దుమణగు = చప్పుడు తగ్గు
ఇంటిల్లిపాది = ఇంట్లోని వారందరూ
ఉష్ణవాహకం = వేడిని తనగుండా పారనిచ్చే వస్తువు
సంవహనం = గాలి, నీరు వంటివి కదులుతూ వేడిని మోసుకుపోవడం
వైశాల్యం = పరచుకొన్న జాగా కొలత
సామర్థ్యం = తీసుకొన్న శక్తిలో పనికి వచ్చే భాగం
మండువా = ఇంటి నడుమ పైకప్పు లేని చోటు
బిరడా = సీసా మూతివంటి రంధ్రంలో దూర్చే మూత
అదురు = వణుకు

ప్రశ్నలు

1. చప్పుడు లేని కంప్యూటరు విలాసం కాదు, అవసరమని ఎందుకు చెప్పవచ్చు?
2. ప్రాసెసరుకూ హీట్‌సింకుకూ మధ్య థర్మల్ పేస్టు ఎందుకు పూస్తారు?
3. హీట్ పైపులో నీరు ఎలా తిరుగుతుందో మీ సొంత మాటలలో రాయండి.
4. మండువా ఇంటికీ కంప్యూటరు పెట్టెకూ గల పోలిక ఏమిటి?
5. "ముందు మంట తగ్గించాలి" అన్న నాన్నమ్మ మాట కంప్యూటరుకు ఎలా వర్తిస్తుంది?
6. ఒక కంప్యూటరు 180 వాట్ల వేడిని వదులుతున్నది. గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే సెకనుకు ఎన్ని లీటర్ల గాలి కావాలి?

కింది పదాలను సొంత వాక్యాలలో ఉపయోగించండి

గిరగిర, జుయ్యిమను, మెల్లమెల్లగా, కంగారు పడు, పదివేలు

చేసి చూడండి

సమానంగా వేడి నీటిని ఒక గ్లాసులోను, ఒక వెడల్పు పళ్ళెంలోను పెద్దల సహాయంతో పోయండి. రెండింటిలోను ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత కొలిచి పట్టిక రాయండి. తరువాత పళ్ళెం పక్కన బల్ల ఫ్యాను పెట్టి మళ్ళీ కొలవండి. మీరు చూసినదానిని ఇంట్లో నాన్నమ్మకో, తాతయ్యకో తెలుగులో వివరించి చెప్పండి. వారు అడిగిన ప్రశ్నలను రాసుకొని వచ్చే తరగతికి తీసుకురండి.